సుఖం ఒకనికి, సూది ముగ్గురికి

నొప్పంటవా? సూది నొప్పి పెడ్తదా? పెట్టనీ. మంచిగ పెట్టనీ. పోయిన వారం ఒక్క సూది ఏస్కొని రెండు దినాలు కుంటుకుంట తిరిగినవ్. పనికి పోలే, మంచం దిగలే, లడాయిల తూటా తగిలినోని లెక్క మూలుగుడు. అదే సూది నీ పెండ్లాం ఐదు నెలల కడుపుతోని ఏస్కున్నది. ఏస్కొని బస్సుల నిలబడి ఇంటికొచ్చింది. ఒక్కసారన్న అమ్మా అన్నదా?

కూసో. యాడికి లేస్తున్నవ్? నీ నంబర్ ఇరవై మూడు. గిప్పుడు లోపలికి పోయింది పన్నెండు. సప్పుడు జేయకుండ కూసో.

ఏంది? మెల్లగ మాట్లాడాల్నా? అబ్బో! ఎవలన్న వింటరనా? విననీ రా. ఈ బెంచీల మీద కూసున్నోళ్లంత పూలు కొననీకి వచ్చిండ్రా? అగో, ఆ ఎర్రంగి ఆయన్ను చూడు, వచ్చినప్పటిసంది తల ఎత్తుతలేడు. ఆ స్తంభం పక్కనాయన ఫోన్ తలకిందులు పట్టుకొని చూస్తుండు. అందరిదీ ఒక్కటే కథ. ఆ తలుపు మీద ఏం రాసిండ్రు, చదువు. సుఖవ్యాధులట! ఎవడు పెట్టిండో గాని పేరు. సుఖమెవనికి, వ్యాధి ఎవలకు?

నీకు షరమైతున్నదా శశీ? షరం మంచిదే. జర ముందుగాల వస్తే ఇంకా మంచిగుండు.

ముప్పై ఏండ్లు దాటినయ్ నీకు. ఛత్తాబజార్ల కార్డుల దుకాణంల కంప్యూటర్ ముందర కూసొని ఊరందరి లగ్గం పత్రికలు కొడ్తవ్. చిరంజీవి, చిలసౌ అని అక్షరం తప్పు పోనియ్యవ్. లాల్‌దర్వాజాల మన గల్లీల ఎవలింట్ల పెండ్లున్నా "శశిధర్‌కే ఇయ్యాలె, మంచిగ చేస్తడు" అంటరు. నేను ముందు అర్రల మిషిన్ మీద కూసొని చీరెలకు ఫాల్ కుట్టుకుంట గా మాటలు విని ఎంత ఉబ్బిపోతుంటినో! నా కొడుకుకు తాగుడు లేదు, గుట్క లేదు అని చెప్పుకుంట తిరిగిన. ఇంకేం లేదో అడగాలని నాకు తెల్వకపాయె.

ఆ దినం యాదికున్నదా? ఎందుకుండది. సాహిత్య దవఖాన నుంచి వచ్చి కడప మీదనే నిలబడ్డది. చేతుల కాగితం. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆ మడతలు మళ్ల మడిచి, తాయత్తంత చేసింది. "అత్తమ్మా, నా రక్తంల ఏదో వచ్చిందట. ఆయన్ను కూడ తోలుకరమ్మన్నరు" అన్నది. ఏమొచ్చిందే అంటే, "సిఫిలిస్" అన్నది. నర్సు ఎట్ల పలికిందో గట్లనే పలికింది, పాపం, బడిల పిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

నువ్వు చాయ్ తాగుతున్నవ్. కప్పు కింద పెట్టినవ్. గోడ దిక్కు చూసినవ్.

గోడ మీద ఏమున్నది రా? క్యాలెండర్ కూడ లేదు.

నేనేమన్ననో నీకెరుకే. "ఎవడే?" అన్న. పుట్టింటికి పోయినప్పుడు ఏం ఎలగబెట్టినవే అన్న. కడుపుల ఉన్నది ఎవలదే అని కూడ అన్న. అన్నీ అన్న. నా నోరు నీకు ఎరుక లేంది కాదు. ఆ పొల్ల ఏడ్వలే. నీ దిక్కు చూసింది. నువ్వు చెప్పులేసుకొని బయటికి పోయినవ్. దుకాణంల అర్జంట్ పని ఉన్నదంటివి. మూఢంల ఎవల పెండ్లిరా అది, గంత అర్జంట్?

మర్నాటి నుంచి ఆమెకు కంచం వేరే. గిలాస వేరే. బకీట్ వేరే. స్నానాల గదిల ఆమె పోయొచ్చినంక ఫినాయిల్ పోసి కడిగిన. నాలుగు దినాలు నడిపిన గీ నాటకం. నాలుగు దినాలు నువ్వు గా పీట మీదనే కూసొని, ఆమె దర్వాజ తాన వేరే కంచంల తింటుంటే చూసుకుంట తిన్నవ్. మూడో దినమైతే "అమ్మా, ఇంకింత చారు పోయ్" అన్నవ్. బుక్క ఎట్ల దిగింది రా?

ఏందీ? నీకు తెల్వదా? నీ నుంచే వచ్చిందని తెల్వదా?

ఆగు. దాని తానకే వస్తున్న.

ఐదో దినం సుందరమ్మ వచ్చింది సైదాబాద్ నుంచి. బిడ్డను చూసింది, దర్వాజ తాన ఉన్న కంచం చూసింది. వియ్యపురాలు లొల్లి చేస్తదనుకొని నేను కొంగు నడుముకు చెక్కుకొని తయారుగ ఉన్న. ఆమె సీదా అర్రలకు పోయింది. నాలుగు చీరెలు, దవఖాన ఫైలు సంచిల పెట్టింది. సాహిత్య పోంగ పోంగ నా దిక్కు మళ్లి, "అత్తమ్మా, ఆయన్ను కూడ రక్తం ఇయ్యమనుండ్రి. గంతే" అన్నది. నన్ను తిట్టినా బాగుండు.

మర్నాడు నీకు చెప్పకుండ నేను ఈడికొచ్చిన. ఇదే బెంచీ. లోపల రోగాల ముచ్చట సమజ్ చేసే లుబ్నా మేడం అని ఉంటది, నల్ల బురఖా మీద తెల్ల కోటు, నీకంటె చిన్నది వయసుల. పోంగనే లొల్లి మొదలుపెట్టిన. మా కోడలు రిపోర్ట్ తప్పు, మాది ఇజ్జత్‌దార్ ఇల్లు, గిట్లాంటియి మా ఇంటా వంటా లేవు అని. ఆమె అంత విన్నది. వినీ, "అమ్మా, మీ కోడలు ముచ్చట నేను మీకు చెప్ప. అది ఆమెది. మీకేమన్న తెలుసుకోవాల్నంటె అడుగుండ్రి, చెప్త" అన్నది.

అడిగిన. కంచంల నుంచి వస్తదా మేడం అని అడిగిన. ఆమె నవ్వలే గాని నవ్వినంత పని చేసింది. "కంచంతోని రాదు, బకీట్‌తోని రాదు, ఒక్క పాయఖానకు పోతే రాదు" అన్నది. నాలుగు దినాల ఫినాయిల్ దండగ!

మరి ఎట్లొస్తదంటె చెప్పింది. ఎట్ల చెప్పిందనుకున్నవ్? కూరగాయల బేరం చెప్పినట్టు చెప్పింది. మొగోడు ఆడది కలిస్తే వస్తది, గది నాకూ ఎరుకే. "నోటితోని చేసినా వస్తదమ్మా" అన్నది. నాకు ముందు సమజ్ కాలే. నోటితోని ఏం చేస్తరు, ముద్దులా అని అడిగిన. అరవై ఏండ్లకు దగ్గరికొచ్చిన ముసల్దాన్ని, ముగ్గురు నర్సుల ముందర కూసొని గా పాఠం నేర్చుకున్న. నీ పుణ్యమా అని! చెవులు కాలినయ్ నాకు. ఐనా లేచిపోలే. నువ్వు లేచి పోతున్నవ్ గని నేను పోలే.

విను మంచిగ. నోట్ల పుండు ఉంటదట, కంటికి కూడ కనపడదట. ఆ నోరు తగిలిన కాడ అంటుకుంటదట. కింద పుండుంటె నోటికి వస్తదట. రెండు దిక్కులా బాటే. ఇంకో రోగమున్నదట, గనేరియా, అది గొంతుల పోయి కూసుంటదట. గొంతు నొయ్యది, దగ్గు రాది, ఆ మనిషికే తెల్వదట తన తాన ఉన్నదని. "మరి ఎయిడ్స్ మేడం?" అంటె, నోటితోని అది వచ్చుడు మస్తు తక్కువ అన్నది. నేను హమ్మయ్య అన్న. ఆమె వేలు చూపెట్టి, "అమ్మా, తక్కువ అంటె లేదని కాదు. అందరు గీడనే మోసపోతరు" అన్నది.

గీడనే మోసపోయినవ్ కదరా నువ్వు? ఎవడో తక్కువ అన్నడు, నువ్వు లేదని విన్నవ్.

ఆమె ఇంకో మాట అన్నది. "ఆ పుండు నొయ్యదమ్మా. మూడు నాలుగు వారాలకు దానంతట అదే మానుతది. మానంగనే మొగోడు మర్శిపోతడు. రోగం మాత్రం రక్తంల అట్లనే ఉంటది." గా మాట వినంగనే నాకు నీ నీలం అంగి యాదికొచ్చింది. దసరా ముంగట బట్టలు ఉతుకుతుంటె జేబుల మలాం ట్యూబ్ దొరికింది. ఇదేంది శశీ అంటె, చెమటకు తొడలు ఒరుసుకున్నయన్నవ్. నేను పిచ్చిదాన్ని, కొబ్బరినూనె వెచ్చబెట్టి ఇచ్చిన!

ఆ దినం ఇంటికొచ్చి, నువ్వు తింటుంటె అడిగిన. మేడం అన్నదంత చెప్పి, నోటి ముచ్చట కూడ చెప్పి, ఇగ నువ్వు చెప్పు అన్న. అన్నం కంచంల చెయ్యి పెట్టి నువ్వన్న మాట నేను సచ్చేదాంక మర్వ. "అమ్మా, నేనేం తప్పు చేయలే. మొత్తం చేయలే. నోటితోనే. అది లెక్కలకు రాదు."

లెక్కలకు రాదట! ఎవని బడిల నేర్చుకున్నవ్ రా ఆ లెక్క? పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగిందట, నువ్వు కండ్లు తెరిచి తాగి, తాగింది పాలు కాదంటివి.

దోస్తులు తీస్కపోయిండ్రట. ఎవనికో ప్రమోషన్ అట, దావత్ అట, దావత్ అయినంక మసాజ్ అట. నీ పెండ్లాం ఉన్నది కాబట్టి నువ్వు ఇమాన్‌దార్‌గ ఉండాలనుకున్నవట, అందుకే నోటితోని చాలన్నవట! ఆహా. ఎంత పతివ్రత రా నా కొడుకు! ఆడ టేబుల్ మీద నిరోధ్‌ల డబ్బ పెట్టున్నదని నువ్వే చెప్పినవ్. "నోటికెందుకు అది" అని అందరు నవ్విండ్రట. లుబ్నా మేడం ఏమన్నదో తెలుసా? నోటికి కూడ అదే కావాలె అన్నది. నవ్వినోళ్లంత ఒక్కొక్కడు వచ్చి ఈ బెంచీ మీద కూసోవాలె. ఫోన్ చేసి చెప్పినవా వాళ్లకు? చెప్పలే? చెప్పు. ఇజ్జత్ పోతదా? పోయింది యాడున్నది, ఇంక పోనీకి?

ఇంటికొచ్చి సబ్బు పెట్టి కడుక్కున్నవట. ఆమె మస్తు నీట్‌గ ఉండెనట, సెంటు వాసన వచ్చెనట. సెంటు రాసుకుంటె రోగం సలాం కొట్టి పోతదా? సదువుకున్నోనివి, మాట్లాడే మాటలేనా ఇవి!

ఆఁ, ఏమన్నవ్? ఆమెనా? ఆ మసాజ్ పిల్లది తప్పా?

నోరు మూయ్. ఆమెకు ఎవడిచ్చిండు రా? ఆకాశం నుంచి పడ్డదా? నీ లెక్కనే ఎవడో లెక్కలకు రాదనుకున్నోడు ఇచ్చిండు. ఆమె తాన ఎవడూ కాగితం తీస్కొని పోడు, సూది ఏస్కో బిడ్డా అని ఎవడూ చెప్పడు. ఆమెను తిట్టేటందుకు నీకు, నాకు ఇద్దరికీ నోరు లేదు.

నీ రక్తంల కూడ అదే వచ్చింది. వస్తదని నాకెరుకే. ఎన్నాళ్లసంది ఉన్నదో తెల్వదని మూడు సూదులన్నరు, వారానికొకటి. ఎయిడ్స్ లేదన్నరు, దేవుని దయ, మూడు నెలలైనంక మళ్లొకసారి చూడాలన్నరు. సాహిత్యకు మూడూ అయిపోయినయ్. ఆమె ఒక్క వారం తప్పలే. ఆ మందు ఆమె నుంచి కడుపులకు పోయి బిడ్డకు కూడ పని చేస్తదట, తొందరగ దొరికింది కాబట్టి మంచిగైంది అన్నరు. మొన్న స్కానింగ్‌ల బిడ్డ గుండె గట్టిగ కొట్టుకుంటున్నదట. పుట్టినంక మళ్ల రక్తం చూస్తరు. పుట్టంగనే దానికి సూది పోటు. మూరెడు లేదు, దానికి నీ బాకీ.

ఏడ్వకు. గీడ ఏడ్వకు. ఇంట్ల ఏడ్వలే, ఆమె ముందర ఏడ్వలే, ఆస్పత్రిల ఎవలకు చూపెడ్తవ్? కొంగు ఇయ్య నేను. నీ రుమాలు లేదా?

ఇంకా పదిహేడే నడుస్తున్నది. జల్ది కాదు.

శశీ. నేను నిన్న సైదాబాద్ పోయిన.

నువ్వు దుకాణంల ఉన్నప్పుడు పోయిన. సుందరమ్మ దర్వాజ తీసింది గని లోపలికి రమ్మనలే. నేనే పోయిన. నీళ్లిచ్చింది, చాయ్ ఇయ్యలే. సాహిత్య కిటికి తాన కూసొని ఉన్నది. కడుపు జర కనపడుతున్నది ఇప్పుడు. లేవబోయింది. కూసో బిడ్డా అన్న.

ఆమెకొక ముచ్చట చెప్పిన. నీకెప్పుడూ చెప్పలే. ఎవలకూ చెప్పలే. ఇప్పుడు ఆమెకు చెప్పిన కాబట్టి నువ్వు కూడ వినాలె.

నీ ముందు ఇద్దరున్నరు రా. నువ్వు మొదటోనివి కాదు. మొదటిది ఆడపిల్ల. ఎనిమిదో నెల. పుట్టింది, ఏడ్వలే. ఒళ్లంత తోలు ఊడిపోయున్నది. రెండోది మొగపిల్లగాడు, వాడు రెండు దినాలున్నడు. మా అత్త నన్ను బిడ్డల మింగే దానివన్నది. గల్లీల బాలింతలు ఉన్న ఇంటికి నన్ను రానియ్యలే. మూడోసారి కడుపైతె ఒక డాక్టరమ్మ రక్తం తీపిచ్చింది. రోగం పేరు ఇంగ్లీషుల చెప్పింది. నాకు సమజ్ కాలేదని దవఖాన ఆయమ్మ పక్కకు పిలిచి, "సవాయి రోగం అమ్మా, మీ ఆయన నుంచి వచ్చింది" అని చెవుల చెప్పింది.

అవు. మీ నాయిన. ఏండ్లకేండ్లు ఫోటోకు దండేసి దండం పెడ్తున్నవే, ఆయననే. దవఖానకు రమ్మంటె రాలే. డాక్టరమ్మ ఇంటికి మనిషిని పంపుతనని బెదిరిస్తె అప్పుడు పోయిండు, చీకట్ల దొంగ లెక్క. నాకు సూదులు పడ్డంక నువ్వు పుట్టినవ్. బతికినవ్. మా అత్త సచ్చేదాంక నన్నే అన్నది. మీ నాయిన పక్కనే కూసొని తినుకుంట ఉన్నడు. నేను కూడ ఎన్నడూ నోరు తెర్వలే. ఎందుకు తెరుస్త? ఇజ్జత్ కదా!

సాహిత్య అంత విన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ ఆమెకు. నా చెయ్యి పట్టుకుంటదనుకున్న. నిజం చెప్తున్న, పట్టుకోవాలనే చెప్పిన. నేను కూడ నీ లెక్క పడ్డదాన్నే బిడ్డా అని.

పట్టుకోలే. కండ్లు తుడుచుకున్నది. తుడుచుకొని, "అత్తమ్మా, గా ఇంగ్లీషు పేరు మీకు యాదికున్నదా?" అని అడిగింది.

ఉన్నది అన్న.

"అయితె ఆ దినం నేను కడప మీద నిలబడి చెప్పంగనే మీకు తెలుసు."

నేనేమనాలె రా? అబద్ధం చెప్పుదామంటె నోరు తిరగలే. తెలుసు అన్న.

"తెలిసే అన్నరా?"

తెలిసే అన్న.

అట్ల చూడకు నన్ను. అవు, తెలిసే అన్న. ఆమె నోట్ల నుంచి గా పేరు రాంగనే నీ మొఖం చూసిన. నువ్వు కప్పు కింద పెట్టిన తీరు చూసిన. మీ నాయిన కూసున్నట్టే ఉన్నది. ఎట్ల తెచ్చినవో తెల్వది, నోటితోనా, ఇంకెట్లనా, గది లుబ్నా మేడం చెప్పినంకనే సమజ్ అయింది. కాని ఎవలు తెచ్చిండ్రో ఆ నిమిషమే ఎరుక. నీ మీదికి మాట రావద్దని ఆమె మీదికి ఉరికిన. గల్లీల నా కొడుకు పేరు మంచిగుండాలని. గా కంచం, గా ఫినాయిల్, అంత తెలిసి చేసిందే. నాలుగు దినాలు చేసిన.

నువ్వు తెల్వక చేసినవ్, నేను తెలిసి చేసిన. ఇద్దర్ల ఎవలు పెద్ద లంగలో నువ్వే చూస్కో.

లేచి వచ్చిన. ఇగ ఏం కూసుంట? గేటు దాంక ఆమె వచ్చింది, మెల్లగ నడుచుకుంట. రమ్మని నేను అడగలే. ఏ మొఖం పెట్టుకొని అడగాలె? ఆమెనే అన్నది, "ఆయన సూదులు మూడూ అయినంక, మూడు నెలలకు మళ్ల రక్తం చూస్తరట. ఆ కాగితం పంపుండ్రి అత్తమ్మా" అని.

నిన్ను పంపుమనలే రా శశీ. కాగితం పంపుమన్నది.

పంపుదాం. ఇంకేం చేస్తం.